పెన్ను మూశాక చెప్పిన మాట

ఎదుటివాళ్ళ మనసులో ఏముందో తెలుసుకోవాలన్న యావ నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళను ఆరాలు తీసి మా అమ్మ చేత ఎన్ని తిట్లు తిన్నానో. అందుకే డిగ్రీ పరీక్షలు రాసి ఇబ్రహీంపట్నంలో ఖాళీగా కూర్చున్న ఆ ఎండాకాలం, సర్వే పని ఉందనగానే ఎగిరి గంతేశాను. ముఖ్యమంత్రి మీద, ఆయన ప్రభుత్వం మీద జనం ఏమనుకుంటున్నారో ఇంటింటికీ వెళ్ళి అడగాలి. అడిగి తెలుసుకోవడానికి జీతం కూడా ఇస్తారంటే నాకు నమ్మబుద్ధి కాలేదు.

హైదరాబాదు మా వైపు పరిగెత్తుకొస్తున్న రోజులవి. శేరిగూడలో ఇంజనీరింగు కాలేజీల బస్సులు బారులు తీరేవి. విమానాశ్రయం వస్తుందని మహేశ్వరం వైపు, కంపెనీలు వస్తాయని మా వైపు భూములు చేతులు మారేవి. ఛాయ్ హోటల్లో ఎవరి నోట విన్నా గజాల మాటే. ఇన్ని మార్పులు చూస్తున్న జనం లోలోపల ఈ ప్రభుత్వాన్ని మెచ్చుకుంటున్నారా, తిట్టుకుంటున్నారా? నాకు నిజంగా తెలుసుకోవాలని ఉండేది.

నగరం నుంచి వచ్చిన సూపర్‌వైజరు మాకు ఒకపూట శిక్షణ ఇచ్చాడు. ఫారంలో ముందు పేరు, ఇంటి నంబరు, తర్వాత ప్రశ్నలు. ప్రతి ప్రశ్న కింద నాలుగు గడులు: చాలా బాగుంది, బాగుంది, బాగోలేదు, అసలు బాగోలేదు. వాళ్ళు చెప్పినదానికి టిక్కు పెట్టి రావాలి, అంతే.

మొదటి రెండు రోజులు మంచాల ఊరికి వెళ్ళే దారిలోని పల్లెలు తిరిగాను. అందరికీ అన్నీ బాగున్నాయి. బురద తొక్కుకుంటూ వెళ్ళిన వాడలో రోడ్లు బాగున్నాయన్నారు. కరెంటు పోయిన ఇంట్లో విసనకర్రతో విసురుకుంటూ కరెంటు బాగుందన్నారు. పోనీ పక్కింటివాళ్ళు ఏమనుకుంటున్నారని అడిగితే, వాళ్ళకూ బాగానే ఉందట. ఒక పెద్దమనిషి నన్ను మంచం మీద కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, గొంతు తగ్గించి అడిగాడు.

"నువ్వే పార్టి బిడ్డా?"

"ఏ పార్టీ కాదు బాపు. మీరేమనుకుంటున్నరో రాస్కుంటందుకు వచ్చిన."

"అవ్, గట్లనే అంటరు. నీదే పార్టో చెప్పు, గదే రాస్కో. ఇంత ఎండల పడి వచ్చినవ్, కాదంటనా?"

మా దగ్గర ఓటు అడగడానికి గడప తొక్కిన ఏ పార్టీవాళ్ళనూ ఎవరూ కాదనరు. "మీకే ఏస్తం" అని నీళ్ళిచ్చి పంపిస్తారు. వాళ్ళ దృష్టిలో అది అబద్ధం కాదు, మర్యాద. ఆ మర్యాదకంతా నేను టిక్కులు పెట్టి నగరానికి పంపిస్తున్నాను. నవ్వొచ్చింది, ఒళ్ళూ మండింది.

మూడో రోజు ఒక అవ్వ ఇంటికి వెళ్ళాను. అరవై దాటిన మనిషి, ఒక్కతే ఉంటుంది. వయసంతా నాట్లకూ కలుపులకూ కూలికి పోయిందట. ఆమె కూడా అడిగినవాటికల్లా "మంచిగున్నది" అంది. నేను పెన్ను మూసి, ఫారం సంచిలో పెట్టి, వాకిట్లో చెప్పులు వేసుకుంటుంటే వెనక నుంచి మాట వినబడింది.

"ఏం మంచిగున్నది బిడ్డా. చేన్లల్ల ప్లాట్లని రాతి కడీలు పాతిండ్రు. కలుపు తీద్దామంటె చేనేది? అమ్ముకున్నోళ్ళకు కార్లొచ్చినయ్. నాకు అమ్ముకుంటందుకు ఏమున్నది? ఆయన మంచోడే కావచ్చు. నా అసువంటిది ఒకతి ఉన్నదని ఆయనకు ఎర్కనో లేదో."

చెప్పులు విడిచి మళ్ళీ కూర్చున్నాను. చాలాసేపు చెప్పింది, నేను ఊకొడుతూ విన్నాను. ఇన్నాళ్ళకు ఒక మనిషి లోపలి మాట నాకు దొరికిందని ఎంత సంబరపడ్డానంటే, ఊరి చివర బస్సు కోసం నిలబడి ఫారం తీసి, సర్కారు పని ఎలా ఉందన్న ప్రశ్న కింద 'బాగుంది'లో ఉన్న టిక్కు కొట్టేసి 'బాగోలేదు'లో పెట్టాను. ఆమె మాట ఆ గడిలో సరిగ్గా పట్టదని తెలుసు. 'మంచోడే కావచ్చు' అన్న ముక్కకు ఎక్కడా గడి లేదు. అయినా పెట్టాను.

మేము నిజంగా ఇళ్ళకు వెళ్ళామో, ఎక్కడో కూర్చుని ఫారాలు నింపేశామో చూడటానికి, సూపర్‌వైజరు కొన్నింటిని ఏరి ఆ ఇళ్ళకు తనే వెళ్ళి అడుగుతాడు. ఆ సంగతి మాకు ముందు చెప్పలేదు. తెల్ల జీపులో వెళ్ళి, అవ్వ వాకిట్లో నిలబడి, ఇరుగుపొరుగు వింటుండగా ఆమె పేరూ ఇంటి నంబరూ చదివి, సర్కారు పని బాగోలేదన్నది నువ్వేనా అని అడిగాడట. నేనట్ల అననే అనలేదని అవ్వ ఒట్టు పెట్టుకుంది.

దాంతో ఫారం దొంగదని తేల్చేశాడు. నా ముందే దాని మీద అడ్డంగా గీత కొట్టాడు. "ఇంట్లో కూర్చుని రాస్తే ఇలాగే దొరికిపోతారు" అన్నాడు. మర్యాదకు చెప్పినవన్నీ నిజాలై నిలిచాయి, ఉన్న ఒక్క నిజం దొంగదైపోయింది. నాకు ఏడుపొచ్చింది. అవ్వ మీద కోపం కూడా వచ్చింది.

ఆ కోపంతోనే మర్నాడు ఆమె దగ్గరికి వెళ్ళాను. నన్ను చూడగానే ముందు ఆమే అందుకుంది.

"ఆడపిల్లవని నీతోని మనసుల మాట చెప్పుకున్న. రాస్తనని చెప్పినవా? ఇగ నా తెల్లకార్డు తీసేస్తరు. కంట్రోలు బియ్యం లేకుంటె నేనేం తినాలె?"

"ఆయన సర్కారాయన కాదవ్వా, కంపెనీ ఆయన. నీ కార్డుకు ఏం కాదు."

"సర్కారు ఎట్లున్నదని సర్కారోళ్ళు గాక ఎవలడుగుతరు?"

నిజానికి ఆ సర్వే ఎవరు చేయిస్తున్నారో నాకూ తెలియదు. ఊరందరినీ అన్నీ అడిగినదాన్ని, ఆ ఒక్కటి అడగాలని నాకు తట్టనే లేదు.

"జర మార్చు బిడ్డా. మంచిగున్నదని రాయి. నీ కాల్మొక్త."

అంత పెద్దామె నా కాళ్ళ మీదికి వంగుతుంటే గబుక్కున భుజాలు పట్టుకున్నాను. "మార్చిన అవ్వా. మంచిగున్నదనే రాసిన. ఫికర్ చెయ్యకు" అన్నాను. నిన్ననే కొట్టేసిన ఫారంలో ఏం మారుస్తాను? ఆమె మాత్రం నమ్మింది.

తర్వాతి నెల బియ్యం ఇచ్చే రోజున ఆ ఊరి కంట్రోలు దుకాణం దగ్గరికి వెళ్ళాను. ఆమెకు బియ్యం వస్తాయని తెలుసు. అయినా కళ్ళారా చూస్తే తప్ప మనసు ఊరుకునేలా లేదు. వచ్చాయి. సంచి చంకన పెట్టుకుని నా దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది. ముఖం వెలిగిపోతోంది.

"నువ్వు మార్చబట్టె వచ్చినయ్ బిడ్డా."

కాదని చెబుదామని నోరు తెరిచాను. చెబితే నేను అబద్ధమాడానని తెలుస్తుంది, మళ్ళీ నెలనెలా భయపడుతూ బతుకుతుంది. నోరు మూసుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. అవ్వ వరుసలో నిలబడ్డ ఆడవాళ్ళ వైపు తిరిగింది.

"గీ పిల్లనే. మంచిగున్నదని చెప్పుండ్రి, మీ కార్డులకు ఏం కాదు."

వరుసలో ముందున్నామె నా ముఖంలోకి చూసి "మంచిగున్నది బిడ్డా" అంది. ఆమె వెనకామె కూడా అదే అంది. చివరి మనిషి దాకా ఒకరి తర్వాత ఒకరు చెప్పుకుంటూ పోయారు. నా చేతిలో ఫారం లేదు. నేను ఎవరినీ ఏమీ అడగలేదు.