బరువు రాయని గడి

ఎల్బీనగర్‌లో నాది మోటార్ వైండింగ్ దుకాణం. ఎనిమిది అడుగుల వెడల్పు, పదకొండు అడుగుల లోతు. కాలిపోయిన మోటార్లలోంచి పాత తీగ పీకేసి, కొత్త తీగ చుట్టి ఇవ్వడం పని. చదువు పదో తరగతి దగ్గరే ఆగింది. లెక్క మాత్రం చేతిపనితో పాటే వచ్చింది. పక్కవాడితో మాట్లాడుతూ కూడా ఎన్ని చుట్లు వేశానో తప్పకుండా చెప్పగలను.

దుకాణం పెట్టకముందు ఒక చిన్న స్టెబిలైజర్ల యూనిట్‌లో పనిచేసేవాణ్ని. బయటి దేశం నుంచి సగం ధరకు స్టెబిలైజర్లు దిగడం మొదలైంది. మా ఓనరు ఏడాది చూశాడు, తర్వాత యూనిట్ మూసేసి, అవే తెప్పించి అమ్ముకున్నాడు. పదకొండు మందిమి ఇళ్లకు వెళ్లిపోయాం. అందుకే, బయటి చవకది కొనాలా, మన దగ్గరున్నది బాగు చేయించుకోవాలా అని ఎవరడిగినా నా దగ్గర జవాబు ముందే తయారుగా ఉండేది. ఇప్పుడు లేదు. ఎందుకు లేదో రాయడానికే కూర్చున్నాను.

కర్మన్‌ఘాట్‌లో ఒకామె ఇడ్లీ పిండి, దోశ పిండి రుబ్బి నాలుగు టిఫిన్ సెంటర్లకు వేస్తుంది. వాళ్లదీ మాదీ నల్లగొండ వైపే. నన్ను అన్న అంటుంది, నేను చెల్లె అంటాను. ఒకరోజు పొద్దున్నే అల్లుడి ఆటోలో వచ్చింది. ఆటోలోంచి రెండు మోటార్లు దించారు. ఒకటి ఆమె గ్రైండర్‌ది, కోయంబత్తూరులో తయారైంది, కాలిపోయి ఉంది. రెండోది బయటి దేశపుది, దిల్‌సుఖ్‌నగర్‌లో కొన్నది, ఇంకా అట్టపెట్టెలోనే ఉంది.

"నిన్న పొగొచ్చింది అన్నా. పప్పు సగం నలిగినంక బంద్ అయింది. పక్కింటోళ్ల గ్రైండర్ల వేసి ఎట్లనో గట్టెక్కిన. రేపు వాళ్లియ్యరు. ఒక్క దినం పిండి పోకుంటే సెంటరోళ్లు ఇంకొకల కాడ తీస్కుంటరు, మళ్ల నా దిక్కు సూడరు."

అల్లుడు అట్టపెట్టె మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. "మూడు వేల నాలుగొందలు మామా. బిగియ్యకుంటే సాయంత్రం దాక వాపస్ తీస్కుంటనన్నడు. మా అత్తేమో మా అన్న చెప్పాలె, మా అన్న చెప్పాలె అని ఒకటే లొల్లి."

"సస్తల కొన్నవ్ గద నీ ఫోను. మూడు దినాలకోపారి పరేషాన్ చేస్తది," అంది ఆమె. నా వైపు తిరిగి, "రాగి తీగతోని చుట్టిస్తే ఎంతయితది?" అని అడిగింది.

"రెండు వేల ఆరొందలు."

"ఏది మంచిదో చెప్పన్నా. నువ్వేదంటే గదే పెడ్త."

"ఇప్పి చూసి, లెక్కజేసి సాయంత్రం చెప్త," అన్నాను.

"మామ లెక్క తేలేసరికి నీ పిండి పులుస్తది అత్తా," అన్నాడు అల్లుడు ఆటో స్టార్ట్ చేస్తూ.

వాళ్లు వెళ్లాక రెండు మోటార్లనూ కాంటా మీద పెట్టాను. పాతది పదమూడు కిలోల రెండు వందల గ్రాములు. కొత్తది ఏడు కిలోల నాలుగు వందలు. రెండూ ఒకే హార్స్‌పవర్. మామూలుగా అయితే బరువున్న పాతదే మంచిదనడానికి నాకు ఆ తేడా చాలు. కానీ ఆ రోజు ఎందుకో ఒక అనుమానం వచ్చింది. పాతది చుట్టించుకోమంటే ఆ రెండు వేల ఆరు వందలు వచ్చేది నాకే. ఇన్నేళ్లూ నేను చెప్పిన జవాబులో మోటార్ ఎంత, నేనెంత?

కాగితం మీద మధ్యలో ఒక గీత గీసి, ఒకవైపు 'మనది', ఇంకోవైపు 'బయటిది' అని రాశాను. కొత్తదాని పెట్టె మీద ఇండియాలోనే బిగించినట్టు అచ్చేసి ఉంది. పాతదానిలో బేరింగులు బయటి దేశపువి, వాటిని మార్చింది నేనే. కెపాసిటర్ మీద ఏ దేశమో లేదు. కాసేపటికి గీతకు రెండు వైపులా కొట్టివేతలే మిగిలాయి. కాగితం పక్కన పడేసి పాత మోటార్ మూత విప్పాను.

తీగలను కట్టిన నూలుదారం నల్లగా మాడి ఉంది. దాని ముడి చూసి నా చెయ్యి ఆగింది. వైండింగ్ చేసే ప్రతివాడికీ ఒక ముడి అలవాటు ఉంటుంది. నేను రెండుసార్లు తిప్పి, దారం కొసను లోపలికి తోసేస్తాను. అది నా ముడి. బేరింగులు మార్చడం గుర్తుంది గాని, అంతకుముందు దానికి తీగ చుట్టింది కూడా నేనేనన్న సంగతి ఆమె చెప్పలేదు, నాకు గుర్తులేదు. బహుశా చెప్పాల్సిన అవసరం ఉందని ఆమె అనుకోలేదు.

తీగను కత్తిరించి బ్లేడుతో గీకాను. పైన ఎరుపు. కింద తెలుపు. రాగి పూత పూసిన అల్యూమినియం. బయటి నుంచి వచ్చే చవక తీగ. చూడటానికి రాగిలాగే ఉంటుంది, త్వరగా వేడెక్కుతుంది. రాగి రేటు బాగా పెరిగిన రోజుల్లో ఒక్క రోలు కొన్నట్టు మసకగా గుర్తొచ్చింది. కొట్టువాడు అది రాగే అని చెప్పాడా, నేను అడగలేదా, గుర్తు రాలేదు.

నేను చుట్టే ప్రతి మోటార్‌కూ నోటుబుక్కులో ఒక వరస ఉంటుంది. తీగ మందం, చుట్లు, తీగ బరువు. వెతికితే నాలుగేళ్ల ఏడు నెలల వెనక ఆమె మోటార్ వరస దొరికింది. మందం రాసి ఉంది. చుట్లు రాసి ఉన్నాయి. బరువు గడి ఖాళీ. పై వరసలో బరువు ఉంది, కింది వరసలోనూ ఉంది. అంటే కాంటా పనిచేస్తూనే ఉంది. ఆ తీగ, అంతే పొడవున్న రాగి తీగలో సగం బరువు కూడా తూగదు. చేత్తో ఎత్తితేనే తెలిసిపోతుంది. తెలిసే రాయలేదా? ఆ పేజీని చాలాసేపు చూశాను. అక్షరాలు నావే, ఆ రోజు నా మనసులో ఏముందో మాత్రం ఎక్కడా రాసి లేదు.

దుకాణం మూసి మెట్రో ఎక్కి మూడో స్టేషన్‌లో దిగాను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ మోటార్ అమ్మినాయనను వెతుక్కుంటూ వెళ్లి, లోపల ఏ తీగ వాడారని అడిగాను. ఆయనది కోస్తా వైపు మాట.

"లోపల ఏముందో నాకెలా తెలుస్తుందండీ? మీరేమన్నా ఆపరేషన్ చేస్తారా దానికి?" అని నవ్వాడు. "తిరుగుతుంది, ఆరు నెలలు గ్యారంటీ. కోయంబత్తూరుది కావాలంటే అదీ ఉంది, ఆరు వేల ఎనిమిది వందలు. పైన దుమ్ము చూశారా? ఎవరు కొంటున్నారండీ!"

ఆయనకు తెలియదు, తెలియదనే చెప్పాడు. తిరుగు ప్రయాణంలో అదే మనసును తొలుస్తూ వచ్చింది. నేను ఆమెకు ఎప్పుడూ తెలియదని చెప్పలేదు.

మెట్రోలో ఇంకోటి గుర్తొచ్చింది. అప్పట్లో చుట్టి ఇచ్చిన కొద్దిరోజులకే మోటార్ బాగా కాగుతోందని ఆమె వచ్చింది. నేను మూత కూడా విప్పలేదు. "ఎక్కువ పోస్తున్నవ్ చెల్లె, రెండు వాయలకు బదులు మూడు వెయ్యి," అన్నాను. అప్పటినుంచి రోజూ మూడు వాయలే రుబ్బుతోంది. ఎక్కువైన ఆ ఒక్క వాయికి ముప్పై అయిదు నిమిషాలు. పండుగలు తీసేసి పదహారు వందల రోజులు వేసుకున్నాను. యాభై ఆరు వేల నిమిషాలు. రోజుల్లోకి మారిస్తే ముప్పై తొమ్మిదికి కాస్త తక్కువ.

సాయంత్రం ఇద్దరూ వచ్చారు. తీగ ముక్కను ఆమె చేతిలో పెట్టి, గీకిన చోటు చూపించి, అంతా చెప్పాను. నోటుబుక్కులో ఖాళీ గడి కూడా చూపించాను.

ఆమె తీగను అటూ ఇటూ తిప్పి చూసింది. "అయితే గా మూడో వాయి?"

"అవసరం లేకుండె."

"మా పోరిని తిట్టిన అన్నా. పప్పు ఎక్కువ పోసి మోటార్ కరాబు చేస్తున్నవని." తీగ ముక్కను నాకు తిరిగిచ్చి, "లెక్క జేసినవా?" అంది.

"చేసిన. ముప్పై తొమ్మిది దినాలు."

"పగలు రాత్రి కలిపా?"

"పగలు రాత్రి కలిపి."

అల్లుడు నవ్వబోయి అత్త మొహం చూసి ఊరుకున్నాడు.

"ఎర్కుండి చేసినవా అన్నా, ఎర్క లేకనా?"

"గదే సమజైతలేదు చెల్లె."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. అట్టపెట్టె వైపు చూపించి, "గిది బిగియ్యి. రేపటికి పిండి పోవాలె," అంది. "నా పాతది రాగితోని చుట్టు. పైసలు మాత్రం ఇయ్యను. తీగ నా ముంగట తూకం వెయ్యాలె."

ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లి, బయటి దేశపు మోటార్‌ను నా చేతులతో నేనే బిగించాను. నాలుగో రోజు ఆమె దుకాణంలో కూర్చుని ఉండగా రాగి తీగ తూచాను. కిలో మూడు వందల నలభై గ్రాములు. కాంటా మీద అంకె నిలబడేదాకా ఆమె రెప్ప వేయలేదు.

ఇది జరిగి నాలుగు నెలలు. నేను చుట్టిన మోటార్ వాళ్లింట్లో బియ్యం సంచిలో చుట్టి, మూలన ఉంది. తెచ్చుకుంది గాని బిగించమని పిలవలేదు. "నడుస్తున్నదాన్ని ఎందుకిప్పాలె? కాలినప్పుడు సూద్దాం తియ్," అంటుంది. ఇప్పుడు రెండే వాయలు రుబ్బుతోంది.

పిండి కొనే వంకతో అప్పుడప్పుడు వెళ్తాను. మోటార్ మీద అరచెయ్యి ఆనించి, ఎంతదాకా ఓర్చుకోగలనో అంకెలు లెక్కపెట్టడం నా అలవాటు. ఆమె పాత మోటార్ కాగుతోందన్న రోజుల్లో ఒకసారి ఇలాగే పెడితే ఆరు దగ్గర చెయ్యి తీసేశాను. పోయిన వారం కొత్తదాని మీద పెడితే ఇరవై దాటినా ఓర్చుకోగలిగాను. లోపల తెల్ల తీగే ఉంటుందని నా నమ్మకం. రాగే అయి ఉండొచ్చని నా చెయ్యి అంటోంది. విప్పి చూద్దామంటే అది తిరుగుతోంది.

ఆమె పిండి కవర్‌కు ముడి వేస్తూ నన్నే చూస్తోంది. "కాగుతుందా అన్నా?"

"లేదు."

"మరేంది గట్ల మొహం పెట్టినవ్? కాలాల్నా ఏంది?"

కాలితే ఆ రోజు నాలుగు సెంటర్లకు పిండి పోదు. అది నాకు తెలుసు. అయినా లెక్క ఆపలేదు. చెయ్యి ఇంకా మోటార్ మీదే ఉంది. ముప్పై ఒకటి దాకా లెక్కపెట్టి తీశాను.