పొట్టేలు చేయని పని

రిటైరయ్యాక మగవాళ్లందరూ గోల్ఫ్ నేర్చుకుంటే మా ఆయన గొర్రెలు కొన్నారు. వర్జీనియాలో పదెకరాలు, ఆరు ఆడగొర్రెలు. ఈ కౌంటీలో తొలి తెలుగు గొర్రెల కాపరినని ఒకటే గొప్ప. నాకేమో షాంటిలీలో, అమ్మాయి ఇంటికి దగ్గరగా, లిఫ్టున్న కాండో కావాలి. పోట్లాడి పోట్లాడి చివరికి ఒప్పందానికొచ్చాం: వసంతంలో గొర్రెలకు పిల్లలు పుడితే ఇక్కడే ఉంటాం, లేకపోతే అమ్మేస్తాం.

గుర్రాలూ గొర్రెలూ పెంచే పక్క ఫార్మ్ పెద్దాయన అక్టోబర్‌లో తన పొట్టేలును అరువిచ్చారు. దాని ఛాతీకి ఎర్ర రంగు ముద్ద కట్టి ఉంటుంది. అది ఏ గొర్రె మీదికెక్కితే ఆ గొర్రె నడుముకు రంగంటుతుంది. ఆరింటికీ అంటితే పని అయినట్టే. మూడు రోజులైనా ఆ మహానుభావుడు గడ్డిని తప్ప దేన్నీ కన్నెత్తి చూడలేదు.

అంతలో దసరా వచ్చింది. కారుకీ ట్రాక్టరుకీ బొట్టు పెట్టాను, నోరులేని వీటికి మాత్రం ఎందుకు లోటని దొడ్లోకి వెళ్లాను. ఒక్కటీ మొహం అందనివ్వలేదు. ఆవుకైనా వెనకవైపే కదా పూజ, లక్ష్మి ఉండేది అక్కడే కదా అనుకుని, ఆరింటికీ తోక పైన కుంకుమ దండిగా పూశాను.

మధ్యాహ్నం పెద్దాయన కంచె అవతలి నుంచే చూసి ఈల వేశారు. "సిక్స్ ఇన్ వన్ నైట్!" అంటూ పొట్టేలు వీపు తట్టి, ట్రక్కెక్కించుకుని పోయారు. మా ఆయన ముఖం చూడాలి, ఆ ఘనకార్యం తనే చేసినట్టు! నేను నోరు మెదపలేదు. కాండోకి ఏ రంగు కర్టెన్లు బాగుంటాయా అని ఆలోచిస్తున్నాను.

ఆ తర్వాత మొదలైంది నా అవస్థ. నా రెండు కాన్పులప్పుడూ ఆఫీస్ కాల్స్‌లో ఉన్న మనిషి, రోజూ పొద్దున్నే చలిలో నిలబడి ఒక్కో గొర్రె పొట్టా నిమురుతూ, "తినమ్మా, నువ్వు ఒట్టి మనిషివి కాదు" అనేవారు. మొదట నాకు ఒళ్లు మండింది. డిసెంబర్‌లో ఒకరోజు, పుట్టబోయే పిల్లల్ని తుడవడానికి పాత టవల్స్ మడతపెట్టుకుంటూ కనిపించారు. నాకు ఏడుపొచ్చింది.

ఆయన డెంటిస్ట్ దగ్గరికి వెళ్లిన రోజు, పక్క ఫార్మ్‌కి వెళ్లి జరిగిందంతా చెప్పేశాను. పెద్దాయన పొట్ట పట్టుకుని నవ్వి, పొట్టేలును మళ్లీ ఇచ్చారు, ఈసారి రంగు లేకుండా. "దానికి మనవాటి మీద బెంగగా ఉందటండీ, కొన్నాళ్లు ఉంచమన్నారు" అని మా ఆయనతో చెప్పాను. నమ్మారు.

అక్టోబర్ నుంచి ఐదు నెలల లెక్కన ఈనాల్సిన మార్చి వచ్చింది, వెళ్లింది. "ఇంత లేట్ అవుతోందేంటే?" అని ఆయన ఒకటే గోల.

"తొలిచూళ్లు కదండీ, కాస్త లేటే."

మేలో వారం తిరిగేలోగా ఆరూ ఈనాయి.

ఆ శనివారం షాంటిలీ రియల్టర్ ఫోన్ చేసి, కాండో చూడటానికి ఎప్పుడొస్తారని అడిగారు.

"ఇప్పుడు మూవ్ అవ్వలేమండీ," అన్నాను. "ఇంట్లో ఆరుగురు బాలింతలున్నారు."