ఎడమవైపు ముద్ద

మృదంగానికి కుడివైపున్న నల్లమచ్చ ఎప్పుడూ ఉండేదే. ఎడమవైపుకి మాత్రం వాయించే ముందు ప్రతిసారీ బొంబాయి రవ్వ నీళ్ళతో కలిపి ముద్దగా అంటించుకోవాలి, అయ్యాక గీకి పారేయాలి. ఆ ముద్ద లేకపోతే గుమ్మని పలకదు, ఉత్త డొల్లమోత. చిన్నప్పటి నుంచి వాయించానే గానీ, నా జాతకం ఉప్మా రవ్వ మీద ఆధారపడుతుందని ఏనాడూ అనుకోలేదు.

పెళ్ళయి నాచారం వచ్చాక ఎనిమిదేళ్ళపాటు నా మృదంగం దాదాపు మంచం కిందే ఉంది. ఎవరూ వాయించొద్దనలేదు, అబద్ధం ఎందుకు? నేను తీసిన నాలుగైదుసార్లూ మా అత్తయ్య టీవీ సౌండు పెంచింది, అంతే. ఒకసారి మాత్రం పక్కింటావిడతో, మా కోడలు డోలు కొడుతుందని చెప్పింది. డోలట! ఒళ్ళు మండిపోయింది. నేనూ తక్కువదాన్నేం కాదు, రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు.

కిందటేడు, నాతోపాటు నేర్చుకున్న స్నేహితురాలు ఒక కొత్త రచన చేసి పట్టుకొచ్చింది. పాట లేదు, పాడేవాళ్ళు లేరు. నా మృదంగం, ఇక్కడి ఫ్యాక్టరీల దగ్గర తను కోయించుకొచ్చిన ఇనప గొట్టాలు, అంతే. అందులో మొదటి మూడు నిమిషాలూ నా ఎడమచెయ్యి ఒక్కటే వినిపించాలి. కచేరీ ఉప్పల్లో ఒక చిన్న హాల్లో పెట్టుకున్నాం. ఇది చెడిపోతే మృదంగం అమ్మేస్తానని మా ఆయనతో అన్నాను. బెదిరింపు కాదు, నిజంగానే అలిసిపోయాను.

ఆ సాయంత్రం వంటింటి డబ్బాలోంచి గుప్పెడు రవ్వ పొట్లం కట్టుకున్నాను. అత్తయ్య తనూ వస్తానంది. ఆటోలో ఉప్పల్ దాకా ఇద్దరం రోడ్డే చూస్తూ కూర్చున్నాం.

హాలు వెనక గదిలో రవ్వ కలిపితే ముద్ద కాలేదు. ఇంకొన్ని నీళ్ళు పోశాను. చర్మం మీద పెడితే పొడిపొడిగా రాలిపోయింది. వాసన చూద్దును గదా, కమ్మటి నెయ్యి! కచేరీకి ఇక ఇరవై నిమిషాలే ఉన్నాయి.

అత్తయ్యను పిలిచి అడిగాను. గొంతు పెంచే అడిగాను. ఆమె మొహం పాలిపోయింది.

"పురుగు పడ్తదని నిన్ననే నెయ్యేసి గోలిచ్చి పెట్టిన బిడ్డా. దీనికి పచ్చిదే గావాల్నని నాకేమెరుక?"

నిజమే. ఎనిమిదేళ్ళలో నేనెప్పుడైనా చెప్పానా? ఏడుపు ఆగలేదు, అక్కడే చతికిలబడి ఏడ్చాను.

ఆమె మోకాళ్ళు పట్టుకుంటూనే రోడ్డు దాటి కిరాణా షాపుకి పోయింది. రవ్వ లేదని గోధుమపిండి పట్టుకొచ్చింది. నేను వద్దనేలోపే టిఫిన్ బాక్సు మూతలో పిండి వేసి, నీళ్ళు చిలకరించి పిసకడం మొదలుపెట్టింది. రోజూ రొట్టెలు చేసే చెయ్యి, ఊరికే పోతుందా? రెండు నిమిషాల్లో వెన్నముద్దలా చేసింది. నేను అంటించి తడుతుంటే ఆమె చెవి దగ్గరగా పెట్టి వింది. ఇంకా మంచిగ లేదు, ఇంకింత పెట్టమంది. పెట్టాను. మళ్ళీ అంది, మళ్ళీ పెట్టాను. మూడోసారికి గుమ్మంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

ఎలా వాయించానో సరిగ్గా గుర్తులేదు. మధ్యలో ఒకచోట తప్పుపోతే స్నేహితురాలు గొట్టాల మోతతో కప్పేసింది. ఆ మూడు నిమిషాలు మాత్రం హాల్లో ఎవరూ దగ్గలేదు. మృదంగం అమ్మే మాట మళ్ళీ ఎత్తలేదు.

తర్వాతి ఆదివారం పొద్దున సాధన చేసుకుంటుంటే పక్కింటావిడ తలుపు కొట్టింది. మీ కోడలి డోలుతో తలనొప్పి వస్తోందని అత్తయ్యతో చెబుతోంది. లోపల నా చెయ్యి ఆగిపోయింది.

"డోలు గాదమ్మా, మృదంగం," అంది అత్తయ్య. "గా గుమ్మనే సప్పుడుకైతే నన్నే అనాలె. పిండి పిసికేది నేనే."