పరుపులాయన ఇంటి పరుపు

మా పరుపులాయన ఎవరింటి పరుపైనా సరే, కుట్లు విప్పకముందే ఆ ఇంటి గుట్టు చెప్పేసేవాడు. బల్ల మీద పరిచి, అరచేత్తో ఈ చివరి నుంచి ఆ చివరికి తడిమేవాడు. "గోడవైపు పడుకునేది భార్య. ఈమధ్య మొగుడితో మాటల్లేవు. మధ్యలో గట్టు ఎలా లేచిందో చూడు" అనేవాడు. పరుపు తెచ్చినావిడ మొహం కందగడ్డ అయ్యేది. నేను నవ్వాపుకోలేక కుట్టు మిషన్ కిందికి వంగి, పడిపోని దారపుండ కోసం వెతికేదాన్ని.

ఆ కొట్లో పద్నాలుగేళ్ళుగా పరుపు గుడ్డలు కుడుతున్నాను. ఆయన నాకు చుట్టమేమీ కాడు, పిలుపుకి అన్నయ్య. ఆయన భార్య వదిన. కొట్టు వెనకాల రెండు గదులే వాళ్ళ ఇల్లు, మధ్యలో ఒక తలుపు. పదకొండయ్యేసరికి ఆ తలుపు కాలితో తోసుకుని వదిన మూడు గ్లాసుల టీతో వచ్చేది. వాళ్ళకి పిల్లల్లేరు. దాని గురించి ఇద్దరూ ఒక్క మాట అనుకోగా నేను వినలేదు. పోట్లాట మాత్రం రోజూ విన్నాను, అదీ ఎప్పుడూ ఒకదాని గురించే. వాళ్ళ సొంత పరుపు గురించి.

దూది పరుపుని రెండేళ్ళకోసారి విప్పి ఏకాలి. మిషన్లో ముళ్ళ చక్రం తిరుగుతూ ఉండలు కట్టిన దూదిని పీకి, విడగొట్టి, మళ్ళీ పొంగేలా చేస్తుంది. ఏకకపోతే దూది అణిగిపోయి, మనిషి పడుకున్న చోటల్లా గుంట పడుతుంది. వాళ్ళ పరుపుని ఏకి పదకొండేళ్ళయింది.

"ఊరందరి నడుములూ బాగుచేస్తారు. నా నడుమే మీ కంటికి ఆనదు" అనేది వదిన, టీ గ్లాసు ఠక్కున పెట్టి.

"రేపు చేస్తానే."

"మీ రేపుకి ఈపాటికి గడ్డం నెరిసి ఉంటుంది."

అన్నయ్య బద్ధకస్తుడు కాడు. రోజుకి మూడు పరుపులు తేల్చేవాడు. కాకపోతే, ఇంటి మనిషి ఎక్కడికి పోతుందిలే అన్న ధీమా. మగవాళ్ళకి అది పుట్టుకతోనే వస్తుందని నా అనుమానం. మా ఇంట్లోనూ ఒకాయన ఉన్నాడు, అందుకే అంటున్నాను.

ఒకరోజు వదిన కడుపులో నొప్పంది. ఆస్పత్రికి తీసుకెళ్ళాం. ఆరు రోజులుంది. ఏడోరోజు పొద్దున లేదు.

ఆ తర్వాత అన్నయ్య ఏం చేశాడో నాకు ఎనిమిది నెలల దాకా తెలియదు. ఇప్పుడే చెప్పేస్తాను, లేకపోతే నేను చేసింది ఎంత పనో మీకు అర్థం కాదు. అంతా అయ్యి ఇంట్లో ఒక్కడే మిగిలిన రోజు, మంచం మీది దుప్పటి తీసి పరుపు తడిమాడట. వదిన ఎడమవైపుకి తిరిగి, మోకాళ్ళు ముడుచుకుని పడుకునేది. భుజం దగ్గర చిన్న గుంట, తుంటి దగ్గర లోతుగా ఒకటి, మోకాళ్ళు ఆనే చోట ఇంకోటి. పదకొండేళ్ళు ఏకకపోవడం వల్ల మనిషికి మనిషి అందులో అలాగే ఉండిపోయింది. ఫొటోల్లో వదిన ఎప్పుడూ బిగుసుకుపోయేది, ఒక్కదాంట్లోనూ ఆవిడలా ఉండదు. పరుపులో మాత్రం ఉంది. అప్పటి నుంచి ఆయన కింద చాప మీద పడుకున్నాడు. తన వైపు పడుకున్నా బరువుకి దూది ఆవిడ వైపు జరుగుతుందేమోనని భయం. రోజూ పొద్దున లేచి, దుప్పటి ఎత్తి, ఆ మూడు గుంటలూ ఒకసారి తడిమి, దుప్పటి కప్పేసి కొట్లోకి వచ్చేవాడు.

నాకు కనిపించిందల్లా ఆయన నడుం పట్టుకుని నడవడం. వంగితే లేవలేడు, కూర్చుంటే మూలుగు. ఆ అట్ట కట్టిన పరుపే దీనికి కారణమని నేను తేల్చేసుకున్నాను. పద్నాలుగేళ్ళ పనితనం కదా, తేల్చుకోవడానికి నాకెంతసేపు!

ఇంకో సంగతి కూడా ఉంది. ఆస్పత్రిలో నాలుగోరోజు అన్నయ్య మందులకి వెళ్ళినప్పుడు వదిన నా చెయ్యి పట్టుకుంది. "ఆ పరుపు ఒకసారి ఏకెయ్యవే. ఆయనకి చెప్పకు. చెప్తే రేపంటారు. ఆయన ఊళ్ళో లేనప్పుడు చూసి నువ్వే కానిచ్చెయ్" అంది. సరే అన్నాను. నా నోట్లో నువ్వుగింజ నానదని పేరు, అయినా ఆ ఒక్క మాట ఎనిమిది నెలలు దాచాను. దాచినందుకు లోపల్లోపల గర్వపడ్డాను కూడా.

దూది బస్తాల కోసం అన్నయ్య రెండు రోజులు మిల్లుకి వెళ్ళాడు. పొద్దున నీళ్ళొచ్చినప్పుడు డ్రమ్ము నింపమని మధ్య తలుపు తాళంచెవి నాకిచ్చాడు. ఇంతకన్నా మంచి సమయం దొరకదనుకున్నాను. డ్రమ్ము నింపి, మంచం మీది పరుపు చుట్టి, ఈడ్చుకుంటూ కొట్లోకి తెచ్చాను. బరువుకి నా తల ప్రాణం తోకకొచ్చింది. చుట్టేటప్పుడు మంచం పక్కన చాప, దిండు కనిపించాయి. పగలు కాసేపు కింద నడుం వాలుస్తాడు కాబోలు అనుకున్నాను. ఒక్క క్షణం ఆగి ఆలోచించి ఉంటే!

కుట్లు కోసి, దూదంతా మిషన్లో పోశాను. ముక్కుకి గుడ్డ కట్టుకుని పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఏకాను. పాత దూది మూడొంతులే మిగిలింది, మిగతాదంతా పొడై పోయింది. పొడి ఊడ్చి బయట పారబోశాను. మేలురకం కొత్త దూది కలిపి ఇంకోసారి ఏకాను. మర్నాడు మంచి గళ్ళ గుడ్డతో సంచి కుట్టి, నింపి, దబ్బనంతో జానెడుకో కుట్టు వేసి బిగించాను. నా చేత్తో అంత మంచి పరుపు అంతకు ముందు తయారవలేదు. మంచం మీద వేసి, ఉతికిన దుప్పటి పరిచి, వదినా, నీ మాట నిలబెట్టానే అని పైకే అన్నాను. ఏడుపొచ్చింది. హాయిగా ఏడ్చాను.

మూడోరోజు పొద్దున అన్నయ్య బస్తాలు దింపించి, కాళ్ళు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళాడు. నేను మిషన్ ఆపి చెవులు రిక్కించాను. ఎంతసేపటికీ పిలుపు లేదు. చూద్దామని వెళ్ళాను.

దుప్పటి సగం తీసి ఉంది. ఆయన మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, అరచేత్తో పరుపు తడుముతున్నాడు. భుజం దగ్గర, తుంటి దగ్గర, మోకాళ్ళ దగ్గర. మళ్ళీ మొదట్నుంచి. పరుపు చదునుగా, బిగువుగా, కొత్తగా ఉంది.

"నువ్వే చేశావా?" అన్నాడు, తిరక్కుండానే.

"అవునన్నయ్యా."

"కొత్తది ఎంత కలిపావు?"

"నాలుగు కిలోలు."

"పాతది విడిగా ఏమైనా..."

"అంతా కలిసిపోయింది."

అప్పుడు చెప్పాడు. చాప సంగతి, మూడు గుంటల సంగతి, రోజూ పొద్దున తడిమి చూసుకునే సంగతి. కోప్పడలేదు. గిరాకీకి పరుపు గురించి వివరించినట్టు, ఎక్కడ ఎంత లోతో చేత్తో చూపిస్తూ చెప్పాడు. నేను గడప మీద కూలబడ్డాను. తిడితే బాగుండుననిపించింది. చెంప పగలగొట్టినా పడేదాన్ని.

"నువ్వు ఏడవకు చెల్లెమ్మా. నీకెలా తెలుస్తుంది? తప్పు నాదే" అన్నాడు. "బతికుండగా అడిగితే చెయ్యలేదు. పోయాక ఆ గుంటలే పట్టుకు కూర్చున్నాను. తన నడుముకి నొప్పి తెచ్చిన గుంటలే కదా అవి."

తనకి తనే సర్దిచెప్పుకుంటున్నట్టు, "ఒక్కటి మాత్రం నాకు చాలు. ఆస్పత్రిలో ఆ ఆరు రోజులూ తను పరుపు మాట ఎత్తలేదు. ఒక్కసారి కూడా ఎత్తలేదు. పోనీలే పాపం అని క్షమించేసింది నన్ను" అన్నాడు.

నేను నోరు మూసుకుని ఉండాల్సింది. నాకు ఆయన బాధ కనిపించలేదు, నా మీద పడ్డ తప్పే కనిపించింది. దాన్ని ఎవరి నెత్తినైనా పెట్టేసి బయటపడాలనిపించింది.

"నాకై నేను చెయ్యలేదన్నయ్యా! వదినే చెయ్యమంది! ఆస్పత్రిలో, మీరు మందులకి వెళ్ళినప్పుడు. మీకు చెప్పొద్దంది, చెప్తే రేపంటారంది..."

అనేశాక గానీ ఏమన్నానో నాకే తెలియలేదు.

అన్నయ్య చెయ్యి పరుపు మీదే ఆగిపోయింది. ఇన్నేళ్ళలో ఆ మనిషి మొహం అలా అవడం నేను చూడలేదు, వదిన పోయిన రోజు కూడా చూడలేదు.

"క్షమించి కాదన్నమాట" అన్నాడు. "నన్ను అడిగి లాభం లేదని నిన్ను అడిగిందన్నమాట."

"అలా కాదన్నయ్యా, మీ నడుం కోసమే..."

వినిపించుకోలేదు. లేచి, దుప్పటి నాలుగు మూలలూ సరిచేసి, గిరాకీ ఇంట్లో చేసినట్టు అరచేత్తో ముడతలు తీశాడు. "బాగా ఏకావు. పన్లో కూర్చో, దిండ్ల కోసం ఎవరో వస్తామన్నారుగా" అని, నేను బయటికి వచ్చాక మధ్య తలుపు వేసుకున్నాడు.

దిండ్లవాళ్ళు వచ్చారు. నేనే మాట్లాడి పంపాను. పదకొండింటికి టీ పెట్టి తలుపు తట్టాను. "అక్కడ పెట్టు చెల్లెమ్మా" అన్నాడు లోపల్నుంచి. మధ్యాహ్నం చూస్తే టీ చల్లారి, మీగడ కట్టి, పెట్టినచోటే ఉంది.