మిస్వాక్ పుల్ల, వెబ్‌క్యామ్, నెలవంక

తిరువూరులో మా ఫోటో స్టూడియో నాన్న పెట్టింది. ఆయన పోయాక నా చేతికొచ్చింది. అబద్ధాలు అతికించడమే మా వృత్తి అంటుంది మా ఆవిడ. కాదనలేను. పెనుగొలను నుంచి వచ్చిన కొత్త జంట వెనక తాజ్‌మహల్ పెట్టాం. వినగడప పెళ్ళి ఫోటోలో, అలిగి రాని బావగారిని తెచ్చి నిలబెట్టాం. అమ్మ ఇవన్నీ పక్కన కూర్చుని చూసి పడీపడీ నవ్వేది.

కంప్యూటర్లు వచ్చి ఫిల్మ్ రీళ్ళు మూలపడుతున్న రోజుల్లో షుగరు వల్ల అమ్మ చూపు మందగించింది. దగ్గర కూర్చుంటే టీవీ కనిపించేది కానీ, రంజాన్ నెల చివర ఆకాశంలో గోటిముక్కంత నెలవంకను పట్టుకోవడం ఆమె వల్ల కాలేదు. ఉపవాసం విడిచి, డాబా ఎక్కి, "కనిపించిందా?" అని అందరినీ అడిగేది. పక్కింటి టీచరుగారు ప్రతి ఏడాదీ పిట్టగోడ మీంచి కేకేసేవారు.

"పిన్నిగారూ, కనిపించిందండీ! ముబారక్!"

"మీరు చూస్తే నేను చూసినట్టేనమ్మా" అని అమ్మ నవ్వేది. కిందికి దిగాక మాత్రం ముఖం చిన్నబోయేది. "నా కళ్ళతో చూడని పండగ ఎవరింటి పండగో అన్నట్టుందిరా" అంది ఒకసారి. 

అప్పుడే ఇంటర్నెట్ సెంటర్లో ఒక సంగతి చదివాను. వెబ్‌క్యామ్ లోపలి సెన్సర్ మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కల పల్చటి పూత ఉంటుందట. వచ్చిన వెలుతురులో చాలా భాగం దానిలోనే ఆగిపోతుంది. ఆ పూత గీకేస్తే బొమ్మ నలుపు తెలుపు అవుతుంది కానీ వెలుతురంతా దక్కుతుంది, మన కంటికి ఆనని పరారుణ కాంతితో సహా. ఆ కాంతిలో సాయంత్రపు ఆకాశం నల్లబడి చంద్రుడు తేటగా తేలతాడట. అమ్మకు చంద్రుణ్ణి తెరమీదికి దింపాలని ఆ క్షణమే నిశ్చయించుకున్నాను.

బెజవాడ నుంచి చవక వెబ్‌క్యామ్ తెచ్చి, సెన్సర్ మీది అద్దం ఊడదీసి, గుండుసూదితో గీకాను. అంచున వెంట్రుకకన్నా సన్నటి తీగలుంటాయి. అవి కాస్తా తెగాయి. "ఛీ, నా మొహం!" అని బల్ల గుద్దితే స్క్రూలన్నీ గది నిండా దొర్లాయి.

"గోటితో పోయేదానికి గొడ్డలెందుకండీ?" అంది మా ఆవిడ, స్క్రూలు ఏరుతూ.

ఆ మాటతో నాన్న గుర్తొచ్చారు. నెగెటివ్‌ల మీద పెళ్ళికూతుళ్ళ మొటిమలు ఊపిరి బిగబట్టి గీకి తీసేవారాయన. ఆయన ఓపిక కావాలి, ఇనుము వద్దు. రెండో వెబ్‌క్యామ్ తెచ్చాక గూట్లోంచి మిస్వాక్ తీశాను. మేం పళ్ళు తోముకునే పుల్ల అది. కొన సన్నగా చెక్కి, గిరాకీ లేని మధ్యాహ్నాల్లో మెల్లగా రుద్దాను.

"ఒరేయ్, పళ్ళు తోముకోమని తెస్తే కెమెరాకి తోముతున్నావేంట్రా?"

"దానికి నోరు వాసనమ్మా!"

పూత పొడిపొడిగా రాలి అడుగున సెన్సర్ తళుక్కుమంది. కంప్యూటర్‌కి తగిలిస్తే మా ఆవిడ ముఖం నలుపు తెలుపులో, మచ్చ లేకుండా వచ్చింది. "అబ్బ, ఎంత బాగున్నావో!" అన్నాను. "రంగు తీసేస్తేగానీ బాగాలేనా?" అని మూతి తిప్పుకుంది. నేను మాత్రం ఎగిరి గంతేశాను. స్టూడియోలో మూలనపడ్డ పొడుగు లెన్సుకు ఫిల్మ్ డబ్బా బిగించి, దానిలో వెబ్‌క్యామ్ పెట్టాను. పరారుణ కాంతిని మాత్రమే రానివ్వడానికి, పూర్తిగా నల్లబడిన నెగెటివ్ ముక్క అడ్డుపెట్టాను.

ఆ ఏడు ఇరవైతొమ్మిదో ఉపవాసం విడవగానే డాబా మీదికి పరిగెత్తాం. కంప్యూటర్ ముందే ఎక్కించి ఉంచాను. పడమర అంతా మసక. పక్క డాబా మీద టీచరుగారు నుదుటికి చెయ్యి అడ్డుపెట్టి వెతుకుతున్నారు. ఎవరికీ ఏమీ కనిపించడం లేదు. సూర్యుడు దిగిన చోటికి పైన, సెల్ టవర్ దగ్గర నుంచి లెన్సును కొద్దికొద్దిగా జరిపాను.  ఒక్కసారిగా నల్లటి తెర మీద సన్నటి తెల్లటి వంపు!

"అమ్మా! అదుగో!"

అమ్మ తెరకు ముఖం ఆనించినంత దగ్గరగా వచ్చింది. కాసేపు చూసి నా తల నిమిరింది.

"బాగా అతికించావురా. నా కోసం ఇంత కష్టపడ్డావా?"

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "ఇది తాజ్‌మహల్ కాదమ్మా, నిజం చంద్రుడు!" అంటే నమ్మితేనా? చివరికి ఆమె చెయ్యి పట్టుకుని లెన్సు ముందు పెట్టాను. చంద్రుడు మాయం. చెయ్యి తీశాను. మళ్ళీ వచ్చాడు.

అమ్మ ఈసారి తనే చెయ్యి అడ్డుపెట్టింది, తీసింది. మళ్ళీ పెట్టింది, తీసింది. తర్వాత రెండు చేతులూ ఎత్తి దువా చేసుకుంది. కళ్ళు తుడుచుకుని, లెన్సు ఎటు తిరిగి ఉందో నన్నడిగి, చరచరా పిట్టగోడ దగ్గరికి నడిచింది.

"టీచరుగారూ, కనిపించిందండీ! ముబారక్!"

"ఎక్కడ పిన్నిగారూ? నాకేం కనబడట్లేదే!"

"ఆ టవర్ పైన చూడండి. కాస్త ఎడంగా. కంగారు పడకుండా చూడండి."

టీచరుగారు చాలాసేపు కళ్ళు చికిలించి చూశారు. మసక కొంచెం విడాక "ఆఁ, ఆఁ, ఉందండీ!" అని చప్పట్లు కొట్టారు.

అమ్మ నా వైపు తిరిగి గొంతు తగ్గించింది.

"పాపం, ఆవిడకి చూపు తగ్గినట్టుందిరా."