తన తద్దినానికి తానే వండిన సూరమ్మ టీచరు

మా టాటానగర్‌లోని పర్సుడీహ్ బజారులో చేపల వరస చివర ఎండు మెత్తళ్ళ గంపలు పెడతారు. ఆ వాసనకు చాలామంది ముక్కు మూసుకుని దాటిపోతారు. నాకు మాత్రం ఆకలేస్తుంది. మొన్న కూడా అంతే అయింది. "లేనా హై క్యా, దీదీ?" అంటూ, కొంటావా అని అమ్మే ఆవిడ రెండోసారి అడిగేదాకా గంప ముందు అలాగే నిలబడిపోయాను. ఆ వాసనతో నాకు గుర్తొచ్చేది సూరమ్మ టీచరు తద్దినం. ఆ తద్దినానికి వంట చేసింది సూరమ్మ టీచరే.

మీరు ఆవిడను చూడలేదు కనుక చెబుతాను. సీతారామ్‌డేరాలో మా పక్కిల్లు ఆవిడది. తెలుగు బడిలో చిన్న తరగతులకు పాఠాలు చెప్పేది. పుట్టింది భీమిలి దగ్గర. అటువైపు రైలు పట్టాల పనికి వచ్చిన సోమాయ్ అనే సంథాల్ గిరిజన యువకుణ్ణి ఇష్టపడి, అతనితో టాటానగర్ వచ్చేసింది. కులం కలవదు, భాష కలవదు. పుట్టింటివాళ్ళు ఆవిడ బతికుండగానే కర్మ చేశారు. తండ్రి అరుగు మీద ఏడుస్తూ కూర్చుని, తమ్ముడు అప్పలస్వామి చేత ఆవిడ పేరున నీళ్ళు వదిలించాడు. మనిషి రైలెక్కి వెళ్ళిందని ఊరందరికీ తెలుసు. అయినా పిండం పెట్టారు, భోజనాలు పెట్టారు, తిన్నవాళ్ళు చేతులు కడుక్కుని ఇళ్ళకు పోయారు. బతికున్న మనిషిని చచ్చిందని అనిపించడానికి ఇంత శ్రద్ధ చూపే జనం, చావబోతున్న మనిషిని బతికించడానికి అందులో సగమైనా చూపితే ఈ దేశం ఇలా ఉండేది కాదు.

ఆ కబురు విన్నప్పుడు టీచరు ఏడ్చే ఉంటుంది. మాకు తెలిసిన టీచరు మాత్రం ఏటా ఆ తిథి నాడు వీధిలో పిల్లలందరినీ పిలిచి కంచాలు వేసేది.

"ఇయాల నా తద్దినం. పోయినోలికి ఇష్టమైనవే వొండాలంట. నాకు మెత్తళ్ళూ వంకాయంటే ఇష్టం. కూకోండి."

మాలో ఒకడు, తెలుగు అర్థమైనా హిందీలోనే మాట్లాడేవాడు, "మర్ గయీ తో ఖానా కిస్‌నే పకాయా, టీచర్‌జీ?" అని అడిగాడు. చచ్చిపోతే మరి వంటెవరు చేశారని వాడి సందేహం.

"అదేరా నానూ అడుగుతన్నాను. మా ఊరోలే సెప్పలేకపోతన్నారు," అంటూ ఆవిడ వాడి కంచంలో మరో గరిటె వేసింది.

సోమాయ్ బాబాయ్ వాకిట్లో కూర్చుని బీడీ కాలుస్తూ, తనకు దయ్యం పట్టిందనీ, వదిలించే భూతవైద్యుడు ఈ ఊళ్ళో లేడనీ హిందీలో గొణిగేవాడు. మేము నవ్వి పొలమారిపోయేవాళ్ళం. నా హేతువాదం ఏ సభలోనూ మొదలు కాలేదు. అందరూ చేశారన్నంత మాత్రాన ఒక పని నిజం కాదని నేను ఆ కంచం ముందే నేర్చుకున్నాను. తర్వాత చదివిన పుస్తకాలన్నీ దానికి వివరణలు.

పెద్దయ్యాక హేతువాదిగా చర్చావేదికల మీద మాట్లాడడం మొదలుపెట్టాను. టీచరు ముందు వరసలో కూర్చుని వినేది. ఇంటికొచ్చే దారిలో, "గుంటా, బాగా సెప్పేవు. ఎదటోడు మాత్రం ఇంటికెల్లి సెవులు కడుక్కుంటాడు," అనేది. మా పెద్దవాళ్ళదీ ఉత్తరాంధ్రే, అటువైపు ఆడపిల్లను గుంట అంటారు. నాకు జుట్టు నెరిశాక కూడా ఆవిడకు నేను గుంటనే.

సోమాయ్ బాబాయ్ పోయిన కొన్నాళ్ళకు చెన్నై నుంచి ఫోను వచ్చింది. చేసింది టీచరు తమ్ముడు అప్పలస్వామి కొడుకు. వాళ్ళ నాన్నకు ఒంట్లో బాగుండడం లేదట, అక్కను చూడాలని అడుగుతున్నాడట. చుట్టాలందరూ కలిసి చెన్నైలో విహార ఓడ ఎక్కి, విశాఖపట్నంలో దిగి, ఊరికి వెళ్ళాలని ఏర్పాటు చేశానన్నాడు.

"ఓడెందుకురా?" అంది టీచరు.

"ఇంట్లో అయితే నీతో బంతిలో కూర్చుని తినబోమని పెద్దోళ్ళు పేచీ పెడతారు అత్తా. ఓడలో మన పొయ్యి లేదు, మన గడప లేదు. ఎవరి పక్కన ఎవరు తిన్నా అడిగేవాడు లేడు."

తోడుగా నేను బయల్దేరాను. రైలు విశాఖపట్నం మీదుగానే చెన్నై వెళుతుంది. స్టేషను దాటుతుంటే టీచరు కిటికీకి తల ఆనించి, "సూసేవా, గుంటా? మావోలు ఒక్క పూట నాతో కూడు తినడానికి ఊరు దాటెల్లి, మళ్ళీ సముద్రం మీంచి రావాల," అంది. నవ్వుతూనే అంది గాని చాలాసేపు కిటికీ వదల్లేదు.

ఓడ భోజనాల హాలులో అక్కాతమ్ముళ్ళు ఒక బల్ల దగ్గర కూర్చున్నారు. టీచరు అప్పలస్వామి పళ్ళెంలో చేపముక్క ముళ్ళు తీసి పెట్టింది. అతను, "అప్పా," అన్నాడు. ఆ ముక్క నోట్లో పెట్టుకున్నాడు. మా వైపు అక్కను అప్ప అంటారు.

చెప్పవలసింది అతని భార్య చెప్పింది. "వదినా, రేపు ఇంట్లోకి రావాలంటే చిన్న పనుంది. పసుపునీళ్ళు పోసుకుని, కొత్త బట్ట కట్టుకుని, కొత్త పేరు పెట్టించుకోవాల. పోయిన మనిషి మళ్ళీ పుట్టినట్టు. అయిదు నిమిషాలు. ఊరోల నోళ్ళు మూతపడతాయి."

నేను ఊరుకోలేదు. బతికున్న మనిషిని పుట్టించడానికి మీరెవరన్నాను. బల్ల చుట్టూ గొంతులు లేచాయి. టీచరు నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, తమ్ముడి వైపు తిరిగింది.

"తమ్ముడూ, నా పేరున నీళ్ళొదిలింది ఎవులు?"

"నానే అప్పా. నాన్న ఒదిలించేడు."

"మరి నానేటికి తానం సెయ్యాల? ఈ పేరుతోనే ఆయన నన్ను పిలిచేడు. ఈ పేరుతోనే పిల్లలకి అచ్చరాలు సెప్పేను. మళ్ళీ పుట్టేనంటే అవన్నీ సచ్చినట్టే గదా. ఇంట్లోకి రావాలని నాకూ ఉంది. ఆ వెల ఇచ్చి రాలేను."

అప్పలస్వామి తల వంచుకుని లేచి వెళ్ళిపోయాడు. ఆవిడ పళ్ళెంలో కూడు అలాగే ఉండిపోయింది. ఇన్నేళ్ళకు కలిసిన తమ్ముణ్ణి మళ్ళీ పోగొట్టుకున్నానని ఆవిడ అనుకుంటోందని నాకు తెలుసు. తెల్లారి విశాఖ కొండలు కనబడుతుంటే రెయిలింగు పట్టుకుని, "మన ఊరుకి ఈ సముద్రం ఏపు మొగం ఒకటుందని నాకు తెల్దు," అంది.

ఊళ్ళో ఇంటి ముందు పసుపునీళ్ళ బకెట్ సిద్ధంగా ఉంది. టీచరు గేటు బయటే కుర్చీ వేయించుకుంది. "నానిక్కడే ఉంటాను. టీ ఇక్కడికే పంపండి. సచ్చినోలికి గాజు గ్లాసు వద్దంటే పేపరు కప్పులో పొయ్యండి," అంది. వీధి జనం చేరారు. ఎవరూ నవ్వలేదు.

లోపల్నుంచి అప్పలస్వామి వచ్చాడు. బకెట్ ఎత్తలేక చెంబు ముంచి, ఆ పసుపునీళ్ళు తన నెత్తిన పోసుకున్నాడు. మళ్ళీ ముంచి పోసుకున్నాడు. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. "ఒదిలింది నాను. కడుక్కోవలసింది నాను. మా అప్ప పేరు సూరమ్మే," అని వీధి వైపు తిరిగి చెప్పాడు.

నేనైతే ఆ క్షణాన ఒక ఉపన్యాసం ఇచ్చి ఉండేదాన్ని. టీచరు కుర్చీలోంచి లేచి, గడప దాటి లోపలికి వెళ్ళి, దండెం మీది తువ్వాలు లాక్కొచ్చి తమ్ముడి తల తుడవసాగింది. "ముసిలోడివి, జొరం వత్తాది. రెండు చెంబులెందుకురా, ఒకటి సాలదా?" అని తిడుతోంది. అతను చిన్నపిల్లాడిలా తల వంచి నిలబడ్డాడు.

ఇప్పుడు ఇద్దరూ లేరు. నా కోపం అలాగే ఉంది. తగ్గించుకోవలసిన అవసరమూ కనబడదు. కానీ వాదన గెలిచిన మనిషికి ఆ తర్వాత చేయవలసిన పని ఇంకొకటి ఉంటుందని ఆవిడ దగ్గరే చూశాను. ఆ మధ్య మా పక్కనున్న ఆదిత్యపూర్‌లో ఒక తెలుగు తండ్రి, కులాంతర పెళ్ళి చేసుకున్న కూతురి పేరున నీళ్ళు వదిలేస్తానంటే వెళ్ళాను. అనవలసినవన్నీ అన్నాను, గట్టిగానే అన్నాను. అయ్యాక లేచి రాలేదు. వాళ్ళావిడ తెచ్చిన టీ తాగుతూ ఆయన పక్కనే కూర్చున్నాను. ఆయన తన గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టాడు. చివరికి నా వైపు తిరగకుండానే అడిగాడు.

"ఆ పిల్ల కొత్త ఫోను నంబరు మీకాడ ఉందా?"