నేల మీద దించని బిడ్డ

తొంభైల మొదట్లో జమ్మలమడుగు పక్కన ఒక పల్లెలో నన్ను అంగన్‌వాడీ కార్యకర్తగా వేసినారు. ఏడో తరగతితో బడి మానేసినదాన్ని. ఆ పల్లె పేరు రాయను, ఆ ఇండ్లవాళ్లు ఇప్పటికీ ఆడనే ఉన్నారు. ఊర్లో రెండు పార్టీలు. మా కేంద్రం ఒక పార్టీ వీధిలో ఉండేది. రెండో వీధి పిల్లలు ఇటు అడుగు పెట్టరు కాబట్టి నేనే వాళ్ల ఇండ్లకు పోవాల.

నెలకొకసారి బిడ్డల బరువు చూడటం మా పనిలో ముఖ్యమైంది. గడియారం మాదిరి గుండ్రటి కాటాను దూలానికి తగిలించి, దాని కొక్కేనికి గుడ్డ ఉయ్యాల వేసి, బిడ్డను అందులో కూర్చోబెడతాం. ముల్లు నిలిచిన చోటును బట్టి చార్టులో చుక్క పెట్టాల. చుక్క గీత కిందికి జారితే బిడ్డ చిక్కినట్టు. సూపర్‌వైజరమ్మకు చెప్పాల, పిండి ఎక్కువ ఇయ్యాల. గీతలన్నీ దాటి పైకి పోతే ఏం చేయాలో మాకెవరూ చెప్పలేదు.

అట్లా పైకి పోయిన బిడ్డ ఈరమ్మత్త మనవడు. రెండో పార్టీకి పెద్ద ఆ ఇల్లే. కోడలు లక్ష్మి కడుపుతో ఉన్నప్పుడే, ఈరమ్మత్త కొడుకును ప్రొద్దుటూరు దారిలో అవతలి పార్టీవాళ్లు నరికేసినారు. గేటు కాడ ఎప్పుడూ మనుషులు కాపలా.

మొదటిసారి కాటా తీయంగానే ఈరమ్మత్త గయ్యిమన్నది. "వాళ్ల బిడ్డ కూచున్న గుడ్డలో నా మనవడు కూచోవాల్నా?" ఆమె పాత చీరనే చింపి వేరే ఉయ్యాల కట్టినా. ముల్లు గిర్రున తిరిగింది. ఆమె నవ్వింది. "చూసినావా మే! ఊర్లో యా బిడ్డన్నా ఉండాదా ఇంత?"

నాకు నవ్వు రాలేదు. ఎనిమిదో నెల నడుస్తున్నా ఆ బిడ్డ బోర్లా పడడు. తొడల మడతల్లో ఒరుసుకుపోయి పుండ్లు. పడుకుంటే గురక. డబ్బా పాలు చిక్కగా కలిపి, చక్కెర, పైన నెయ్యి. నోరు తెరిస్తే సీసా.

"నాకు పాలు వస్తాండాయక్కా, ఇయ్యనీయరు," అని లక్ష్మి నా చెవిలో చెప్పింది.

సీసా ఎందుకని అడిగితే ఈరమ్మత్త దాచుకోలేదు. "వాని ఏడుపు గోడ దాటకూడదు. తొందరగా పెద్దోడు కావల్ల. వాళ్ల నాయన పగ తీర్చేది ఎవురు మరి?"

బిడ్డ ఎప్పుడూ చంకలోనో, మంచం మీదనో. వసారా నిండా గోతాలు కప్పిన గంపలు. వాటిలో నాటుబాంబులని ఊరందరికీ తెలుసు. పాకేదానికి మూరెడు జాగా లేదు.

సూపర్‌వైజరమ్మకు చెప్తే, "బొద్దుగా ఉంటే నీకేం నష్టం? చిక్కినోళ్లను చూసుకో. ఆ ఇంటితో పెట్టుకోవద్దు" అన్నది. ఆమె భయం నాకు అర్థమైంది. అయినా ఇడవలేదు. పోయినప్పుడల్లా అదే మాట: సీసా తగ్గించు, తల్లి పాలియ్యి, రాగి జావ పెట్టు, చాప పరిచి కిందికి దించు. "నీకు వేరే పనేం లేదా మే?" అనేది ఆమె.

ఒకనాడు దొడ్లో జాతరకు మొక్కిన పొట్టేలు కట్టేసి ఉంది. ఈరమ్మత్త గొర్రెలు మేపిన ఇంట పుట్టిన మనిషి. దాని వీపు మీద చెయ్యేసి కండ చూస్తాంది.

"అత్తా, మందలో గొర్రెపిల్లను ఇట్లనే కట్టేసి మేపుతారా?"

"పిల్లను యాడన్నా కట్టేస్తారా? కాళ్లు పడిపోవూ? తల్లి ఎంబడి తిరగల్ల అది."

"మరి దీన్నెందుకు కట్టేసినారు?"

"కోసేదానికి."

అనేసి పొట్టేలు మీంచి చెయ్యి తీసేసింది.

"నీ మనవడు గొర్రెపిల్లనా అత్తా, పొట్టేలా?"

ఆమె మొగం నల్లబడింది. "బయటికి నడువు," అన్నది. కాపలా మనిషి నా కాటా తెచ్చి గేటు బయట పెట్టినాడు. ఇంటికి పోతే మా ఆయన తల కొట్టుకున్నాడు. "కొడుకును పోగొట్టుకున్న ఇంట్లో కోసే మాట ఎత్తుతావా? నీకు బతకాలని లేదా?"

మరుసటి రోజు కాటా, ఈత చాప సంకన పెట్టుకుని మళ్లీ పోయినా. గేటు తీయలేదు. ఎదురింటి అరుగు మీద కూర్చున్నా. ఎండ నెత్తికెక్కినాక లోపల అలికిడి. గేటు సందుల్లోంచి చూసినా. ఇద్దరు మనుషులు గంపలను ఒక్కొక్కటే, నిండుకుండ పట్టినట్టు పట్టుకుని, వెనక వాకిట్లోంచి యాడికో మోసుకుపోయినారు. తర్వాత లోపల్నుంచి పేడ అలికే చప్పుడు.

ఈరమ్మత్త గేటు కాడికొచ్చింది. "ఏమ్మే, ఆడ కూచుంటే నీ చాప ఎవురు పరుస్తారు?"

ఆ వారంలోనే ప్రొద్దుటూరు డాక్టరుకు చూపించినారు. చక్కెర, నెయ్యి ఆయన మాన్పించినాడు. సీసా కోసం బిడ్డ ఏడ్చిన ఏడుపు గోడ దాటి వీధంతా వినబడింది. లక్ష్మి రొమ్మిచ్చింది. బరువు తగ్గలేదు, పెరిగేది నెమ్మదించింది. అందరికంటే ఆలస్యంగానే అయినా, వాడు అదే వసారాలో పాకినాడు.

ఊర్లో గొడవలు ఆగలేదు. గంపలు ఇంకో చోటికి పోయినాయి, అంతే. నా పని వరకు నేను నేర్చుకున్నది ఒకటి. కాటా తగిలించే ముందు నేల చూడాల. రిటైరయ్యేదాకా, బిడ్డ చిక్కినా బొద్దుగా ఉన్నా, ఏ ఇంటికి పోయినా నేను మొదట అడిగింది, ఈ బిడ్డ పాకే జాగా యాడ అని.